అమెరికా వరి మీద మేం పెట్టిన అర్జీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన చరిత్ర లెక్చరర్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఆన్‌లైన్‌లో ఒరిజినల్ డాక్యుమెంట్లు చూపించి పాఠం చెప్పమంటున్నారండి. మీరు చెప్పారట కదా, ఎలా చెప్పాలండీ?" అని అడుగుతుంటారు. ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఎలా చెప్పకూడదో మాత్రం నా అంత బాగా తెలిసినవాళ్ళు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఉండరు. అది ఫోన్లో తేలే సంగతి కాదు కనక ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

నేను మండపేటకు దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పాను. అందులో అమెరికా చరిత్ర ఒక పేపరు. మా గురువుగారు మాకు చెప్పిన నోట్సు నేను రాసుకున్నాను. అదే మా పిల్లలకు చెప్పాను. వాళ్ళలో కొందరు లెక్చరర్లయి అదే నోట్సు ఇంకో ఊళ్ళో చెప్పారు. అలా ఆ నోట్సు పంటకాలవలా ఊరూరా పారింది. అందులో అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు ఎనిమిది. తొమ్మిదోది ఉందని ఎవరన్నా నేను ఒప్పుకొనేదాన్ని కాదు. ఇక పరీక్షలు దగ్గర పడ్డాయంటే నేనే పుస్తకంలో ఏ పేజీ ఇంపార్టెంటో, ఏ పేజీ కాదో టిక్కులు పెట్టి ఇచ్చేదాన్ని. నా టిక్కు మీద పిల్లలకు దేవుడి మీద కన్నా నమ్మకం ఎక్కువ.

రిటైర్మెంటుకు రెండేళ్ళుందనగా పైనుంచి రెండు కాయితాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది, చరిత్రను ఇకమీదట అసలు ఆధారాలు చూపించి బోధించాలని. రెండోది, పిల్లలు తక్కువగా ఉన్న గ్రూపులను పరిశీలించడానికి ఒక కమిటీ వస్తుందని, దానికి నచ్చకపోతే గ్రూపు ఎత్తేసి, చదువుతున్న పిల్లలను రాజమండ్రి కాలేజీలో సర్దుతారని.

మా ప్రిన్సిపాల్ ఫిజిక్స్ మనిషి. చరిత్ర అంటే ఎప్పుడో సద్దుమణిగిన గొడవను మళ్ళీ కెలకడం అని ఆయన నమ్మకం. నన్ను పిలిచి కాయితాలు రెండూ చేతిలో పెట్టారు.

"మేడమ్ గారూ, మీ రెండో సంవత్సరంలో ఎంతమందండీ?"

"పద్నాలుగు మందండి."

"మా ల్యాబ్‌లో అంతకంటే ఎక్కువ బల్లులున్నాయండి. మరి ఏం చేస్తారో మీ ఇష్టం."

నాకేం, ఎక్కడికైనా బదిలీ చేస్తారు. భయమల్లా పిల్లల గురించే. పద్నాలుగు మందిలో తొమ్మండుగురు ఆడపిల్లలు. ముఖ్యంగా ముందు బెంచీలో ఒకమ్మాయి ఉండేది. చెప్పింది రాసుకోవడం తక్కువ, నా మొహంలోకి చూడడం ఎక్కువ. వాళ్ళ నాన్న ఆరెకరాల రైతు, ఊళ్ళో నీటి సంఘానికి ప్రెసిడెంటు. పిల్లను చేర్పించిన రోజే నాతో తెగేసి చెప్పాడాయన.

"ఇక్కడున్నంత వరకూ చదువుద్దండి. రాజమండ్రి అంటే మాత్రం మానిపించేస్తానండి. రెండు బస్సులు మారి ఆడపిల్లని పంపించడం నా వల్ల కాదండి. ఏవనుకోకండి."

కాబట్టి గ్రూపు పోతే ఆ పిల్ల చదువు పోతుంది. ఆ సంగతి పిల్లకు తెలుసు, నాకూ తెలుసు. ఆ నెలలో నేను చేసిన ప్రతి తెలివితక్కువ పనీ దాని కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజమే.

అసలు ఆధారాల కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాను. అమెరికావాళ్ళు తమ పాత కాయితాలన్నీ ఫొటోలు తీసి, ఎవరైనా చూసుకోండని ఆన్‌లైన్‌లో పరిచేశారు. ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు, పటాలు, కరపత్రాలు. మన ఆఫీసులో సర్వీసు రిజిస్టరు చూపించమంటే మూడు రోజులు తిప్పుతారు. వాళ్ళు రెండు శతాబ్దాల కాయితాలు ఊరూ పేరూ అడక్కుండా చూపిస్తున్నారు. ముప్పయ్యేళ్ళు ఆ దేశం గురించి మాట్లాడి, ఆ దేశపు కాయితం ఒక్కటీ చూడలేదన్న సంగతి అప్పుడే తట్టింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కాఫీ తాగేదాకా ఉంది.

వెతగ్గా వెతగ్గా ఒక డైరీ దొరికింది. అంతర్యుద్ధానికి ముందు, అమెరికా దక్షిణ తీరంలో, బానిసలతో వరి సాగు చేయించిన ఒక భూస్వామి రోజూ రాసుకున్నది. వరి అన్న మాట కనపడగానే నా ప్రాణం లేచొచ్చింది. మా పిల్లలు వరిలో పుట్టి వరిలో పెరిగినవాళ్ళు. కమిటీ ముందు దుమ్ము దులిపేస్తారు.

స్మార్ట్ బోర్డు మీద ఆ డైరీ మొదటి పేజీ పెట్టిన రోజు పిల్లలంతా కాసేపు కళ్ళు చికిలించి చూశారు. పక్క గదిలో పాఠం చెబుతున్న ఎకనామిక్స్ మాస్టారు తొంగి చూసి, "మెడికల్ షాపాయన్ని పిలవండి మేడమ్, ఆయనే చదవగలడు," అని వెళ్ళిపోయారు. అదృష్టవశాత్తు ప్రతి పేజీ పక్కనా దాన్నే టైపు చేసి పెట్టారు. డైరీ మొత్తం చాలా పెద్దది. అంతా ఎవరు చదువుతారు? అలవాటు చొప్పున ఇంపార్టెంట్ పేజీలు ఏరాను. మేలో నీళ్ళు పెట్టినవి, జూన్‌లో కలుపు తీయించినవి, సెప్టెంబరులో కోతలవి, మొత్తం పన్నెండు పేజీలు. వాటిని తెలుగులోకి రాసి జిరాక్సులు తీయించి పంచాను. ఏప్రిల్ పేజీల్లో ఏదో మట్టి, కాళ్ళు, విత్తనం, జ్వరం అని చాలా సోది ఉంది. పరీక్షలో ఎవరడుగుతారని వదిలేశాను.

వారం తిరక్కుండా ముందు బెంచీ పిల్ల లేచింది.

"మేడమ్, ఇందులో ఊడ్పులెక్కడండీ?"

"అంటే?"

"ఆకుమడి లేదండి. ఆకు తీత లేదండి. ఊడ్పు లేదండి. మేలో చేను పచ్చగా ఉందని రాశాడండి. ఆ చేనెక్కణ్ణుంచి వచ్చిందండీ?"

తరగతి మొత్తం కాయితాల మీద పడింది. నిజమే. దమ్ము లేదు, నారుమడి లేదు, నారు పీకి నాటిన ఊడ్పు లేదు. ఎవరో గాల్లోంచి చేను దించినట్టుంది. ఒకడు "దొంగ డైరీ ఏమోనండీ," అన్నాడు. నాకు ఆ మాట ఎంత తియ్యగా వినపడిందో చెప్పలేను. ముప్పయ్యేళ్ళలో ఎన్నడూ మా తరగతిలో ఎవరూ దేన్నీ అనుమానించలేదు.

పిల్ల ఆ కాయితాలు ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు వాళ్ళ నాన్న మోటారు సైకిలు మీద దిగాడు.

"మేడమ్ గారండీ, ఇది వరి కాదండి. ఊడ్పు లేకుండా వరేంటండీ? పోనీ గింజలు నేరుగా వెదజల్లాడనుకుందామంటే, అది మొన్నమొన్న కూలీలు దొరక్క మేం మొదలెట్టిన యవ్వారమండి. ఆ రోజుల్లో ఎక్కడిదండీ? ఎవడో ఇంట్లో కూచుని రాసేశాడండి. అమెరికా వాళ్ళని మోసం చేశారండి, పాపం."

ఆ "పాపం" నన్ను ముంచింది. ఎకనామిక్స్ మాస్టారిని సలహా అడిగాను. ఆయన అర్జీలు రాయడంలో దిట్ట. కాలవ కట్టేసినా, కరెంటు పోయినా, బస్సు ఆగకపోయినా ఆయన అర్జీ రాయాల్సిందే. "ఊరుకోకూడదండి," అన్నారాయన చొక్కా చేతులు మడుస్తూ. తన అర్జీలకు జవాబు రాని బాధ ఆయనకు చాలాకాలంగా ఉంది. అమెరికా వాళ్ళయినా ఇస్తారేమోనని ఆశ.

అర్జీ తయారైంది. ఇంగ్లీషులోనే రాశాం గాని, వరస మాత్రం అచ్చం కలెక్టరాఫీసుకు రాసేదే. భాండాగారం వారి సముఖమునకు, గోదావరి డెల్టా రైతులు, విద్యార్థులు, అధ్యాపకులు ముక్తకంఠంతో విన్నవించుకోవడం ఏమనగా, తమ వద్దనున్న ఫలానా డైరీలో ఊడ్పుల ప్రస్తావన బొత్తిగా లేనందున అది వరి సాగు చేసినవాడు రాసినది కాదని, తమరు దయతో విచారణ జరిపించి తగు చర్య తీసుకోవలసిందని. కింద పద్నాలుగు మంది పిల్లల సంతకాలు, నా సంతకం, ఇరవై రెండు మంది రైతుల సంతకాలు, ఇద్దరు పెద్దవాళ్ళ వేలిముద్రలు. అన్నిటికీ పైన పిల్ల వాళ్ళ నాన్న సంతకం, నీటి సంఘం రబ్బరు స్టాంపు. చిట్టచివర, "సమాచారం నిమిత్తం ప్రతి: వ్యవసాయ శాఖ వారికి". అది ఎందుకని నేను అడగలేదు. స్కాన్ చేసి పంపేశాం.

ఇది విన్న ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచారు. నా ఉద్యోగ జీవితంలో ఆయన నన్ను చూసి లేవడం అదొక్కసారే. మూడో రోజుకల్లా గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. "అమెరికా చరిత్రలో తప్పు పట్టిన మన కళాశాల". ఎడమవైపు నిలువెత్తు ప్రిన్సిపాల్. కుడివైపు దీపం పట్టుకున్న అమెరికా దేవత, ఇంకో చేతిలో వరి కంకులు. మూలన నేను, సర్వీసు రిజిస్టరులోంచి తీసిన ఫొటోలో, ముప్పయ్యేళ్ళ కిందటి జడతో. పిల్లలు అడుగున బటాణీ గింజలంత గుండ్రాల్లో ఉన్నారు. కమిటీకి పంపే నివేదికలో కూడా అంతర్జాతీయ పరిశోధన అని ఒక పేరా చేర్చారు.

కమిటీ వచ్చేది గురువారం. బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ అమెరికా నుంచి జవాబు వచ్చింది.

రాసినావిడ ఎవరో మహా మర్యాదస్తురాలు. మా శ్రద్ధకు మొదట రెండు పేరాల కృతజ్ఞతలు. తరవాత సంగతి. ఆ తీరంలో వరి ఊడ్చేవారు కాదట. గింజలను బంకమట్టి నీళ్ళలో పోసి, ఆడవాళ్ళు కాళ్ళతో తొక్కి, మట్టి పట్టించి, చాళ్ళలో చల్లి, పైన నీళ్ళు పెట్టేవారట. మట్టి పట్టిన గింజ నీటిలో తేలదు, పిట్ట కంట పడదు. ఆఫ్రికా తీరం నుంచి పట్టుకొచ్చిన మనుషులకు తరతరాలుగా తెలిసిన సాగు పద్ధతులివట. ఇదంతా ఇదే డైరీలో ఏప్రిల్ నెల పేజీల్లో వివరంగా ఉందని, బహుశా మా దృష్టికి రాలేదేమోనని రాసింది. చివర ఒక వాక్యం. రైతుల వేలిముద్రలతో, ముద్రతో ఉన్న మా అర్జీ ఎంతో విలువైనదని, దాన్ని తమ రికార్డుల్లో శాశ్వతంగా భద్రపరిచామని.

అంటే మా తెలివితక్కువతనం ఇప్పుడు అమెరికాలో చెదపట్టకుండా ఉంది.

ఎకనామిక్స్ మాస్టారు జవాబు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్లేదండి," అన్నారు. తరవాత మళ్ళీ ఒకసారి చదివి, "ఏమాటకామాటే చెప్పుకోవాలి, జవాబైతే ఇచ్చారండి," అని సంతోషించారు.

ప్రిన్సిపాల్ సంతోషించలేదు. తలుపు వేసి గొంతు తగ్గించారు.

"మేడమ్ గారూ, ఈ ఉత్తరం మనకి శుక్రవారం వచ్చిందండి."

"శుక్రవారమేంటండీ, ఇవాళేగా వచ్చింది."

"శుక్రవారం వచ్చిందండి. కమిటీ వెళ్ళిపోయాక వచ్చింది. ఫ్లెక్సీ ఉంది, నివేదిక వెళ్ళిపోయింది. రేపు మీరు అనుకున్న పాఠం అనుకున్నట్టు చెప్పేయండి. మీ గ్రూపు బతుకుద్ది, ఆ పిల్లలు ఇక్కడే చదువుకుంటారు."

నేను కాదనలేదు. ఇది మీకు చెప్పడం నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. తలూపి బయటికి వచ్చాను. ముందు బెంచీ పిల్ల కోసమేగా అనుకున్నాను. కాని ఇంటికి వెళ్తూ ఫ్లెక్సీలో జడ వేసుకున్న నన్ను చూసుకుంటే, ఆ పిల్ల కన్నా నా పరువే నాకు ఎక్కువ గుర్తొచ్చింది.

గురువారం వరండాలో ఆ పిల్ల ఎదురొచ్చింది. మొహం అదోలా ఉంది. చేతిలో ఫోను.

"మేడమ్, ఒక్క మాటండి."

"తరవాత."

"పాఠం కాకముందే చెప్పాలండి."

"తరవాత అన్నానా?"

కమిటీలో ముగ్గురు. వాళ్ళ పెద్ద రిటైరైన ప్రొఫెసరు, తెల్ల మీసం, ఏ విషయానికీ తల ఊపడు, అడ్డంగానూ ఊపడు. వెనక బెంచీల్లో తల్లిదండ్రుల ప్రతినిధులుగా ఐదుగురు రైతులు ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్నారు. నీటి సంఘం ప్రెసిడెంటు మధ్యలో ఉన్నాడు. స్టాంపు అవసరం పడుతుందేమోనని జేబులో తెచ్చుకున్నాడని తరవాత తెలిసింది. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడ్డారు.

నేను పాఠాన్ని పెళ్ళి తంతులా వారం రోజుల ముందే రిహార్సల్ వేయించాను. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, లేచాక ఏం చెప్పాలో అన్నీ ఖాయం. మొదటి నాలుగు ప్రశ్నలూ చక్కగా నడిచాయి. ఒకడు తన జవాబుతో పాటు పక్కవాడిది కూడా చెప్పేశాడు గాని, కమిటీ గమనించలేదు. ఇక అసలు ప్రశ్న.

"ఈ డైరీ నమ్మదగినదేనా? ఎందుకు?"

లేవాల్సింది ముందు బెంచీ పిల్ల. లేచింది. నమ్మదగినది కాదు, ఎందుకంటే ఊడ్పుల ప్రస్తావన లేదు, అని చెప్పాలి. చెప్పలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"చెప్పమ్మా."

"మేడమ్, ఏప్రిల్ పేజీలు మాకెందుకు ఇవ్వలేదండీ?"

తలుపు దగ్గర ప్రిన్సిపాల్ దగ్గారు. తరవాత తెలిసింది, ఆ డైరీ దొంగదని రుజువు చేయడానికి ఇంకా ఏమైనా దొరుకుతాయేమోనని ఆ పిల్ల ఫోన్లో మొత్తం తిరగేసిందట. నా కోసమే తిరగేసింది.

"కూర్చో" అన్న మాట నా నాలుక చివర ఉంది. అప్పటిదాకా ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది అంటే కూర్చునే పిల్లే. అంటే పాఠం అనుకున్నట్టు ముగుస్తుంది. కాని ఆ పిల్ల మొహంలో తప్పు పట్టానన్న గర్వం ఇసుమంతైనా లేదు. మేడమ్ ఇలా చేసిందేమిటి అన్న దిగులు ఉంది. దానికి తట్టుకోలేకపోయాను.

"ఇంపార్టెంటు కాదనుకుని నేనే తీసేశానమ్మా," అన్నాను. "తప్పు నాది. డైరీది కాదు. అమెరికా వాళ్ళు నిన్న ఉత్తరం కూడా రాశారు."

ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నారు. నేను ఉత్తరం చదివి వినిపించాను, శాశ్వతంగా భద్రపరిచిన సంగతితో సహా. వెనక నుంచి నీటి సంఘం ప్రెసిడెంటు లేచాడు.

"ఏవండీ, అంటే మా సంతకం...?"

"అమెరికాలో ఉందండి."

"స్టాంపు కూడానాండీ?"

"స్టాంపు కూడానండి."

ఆయన కూర్చున్నాడు. నేను బోర్డు మీద ఏప్రిల్ పేజీలు తెరిచాను. రిహార్సల్ లేని పాఠం ఎలా చెబుతారో నాకు తెలియదు. కాబట్టి పిల్లతోనే చదివించాను, మాటలకు అర్థాలు మాత్రం నేను అందించాను. కాళ్ళతో మట్టి తొక్కడం దగ్గరికి రాగానే వెనక బెంచీ కుర్రాడొకడు, వెదజల్లిన గింజలు పిట్టలు తినేస్తున్నాయని వాళ్ళ నాన్న పురుగు మందు కలుపుతున్నాడని, ఈ మట్టి ఉపాయమే మేలని అన్నాడు. రైతుల్లో ఇద్దరు ఔనౌనన్నారు. ఇంకో కుర్రాడు లేచి, "అయితే ఆ భూస్వామికి అసలు వరి తెలీదాండీ? తెచ్చుకున్న బానిసల దగ్గర నేర్చుకున్నాడాండీ?" అన్నాడు. మా నోట్సులో లేని ప్రశ్న. ఔనన్నాను.

పిల్ల చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"మేడమ్, ఇక్కడ చూడండి. 'ఈ రోజు కూడా జ్వరం, మంచం దిగలేదు. ఉత్తరపు మడులన్నీ విత్తాను.' మంచం దిగనాయన మడులన్నీ ఎలా విత్తాడండీ?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

"మా నాన్న కూడా అంతేనండి. మొన్న రెండో పంటకి, దాళ్వాకి, ఆరెకరాలు ఊడ్చేశానని ఊరంతా చెప్పాడండి. ఆ రోజు మా నాన్న మండపేటలో పెళ్ళికెళ్ళాడండి."

రైతులు బల్లలు చరిచి నవ్వారు. కమిటీ పెద్ద మీసం కూడా కదిలింది. నీటి సంఘం ప్రెసిడెంటు మాత్రం జేబులో స్టాంపు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు.

నవ్వు తగ్గాక నేను ఒక మాట చెప్పాల్సి వచ్చింది. "రెండూ ఒకటి కాదమ్మా," అన్నాను. "మన ఊళ్ళో కూలి గిట్టకపోతే రామంటారు. సాయంత్రానికి ఇంటికి వెళ్తారు. ఆ మట్టి తొక్కిన ఆడవాళ్ళకు రామనే మాట లేదు. ఇల్లూ వాళ్ళది కాదు, పిల్లలూ వాళ్ళవాళ్ళు కారు, రేపు ఎవరికైనా అమ్మేస్తారు. ఈ పేజీలో ఎంతమంది ఆడవాళ్ళు తొక్కారో చూడు."

"పన్నెండు మందండి."

"పేర్లు?"

పిల్ల పేజీ పైకీ కిందికీ జరిపి చూసింది. "గుర్రం పేరు ఉందండి. వాళ్ళవి లేవండి."

మిగతా పిల్లలూ తమ దగ్గరున్న జిరాక్సులు తిరగేసి పేర్లు వెతకడం మొదలుపెట్టారు. బానిసత్వం మీద నేను ముప్పయ్యేళ్ళుగా చెప్పిన పదిహేను పాయింట్లూ కలిపి ఎవరి చేతా ఒక్క పేజీ అలా తిరగేయించలేదు. నీళ్ళు తాగుతున్నట్టు నటించాను.

గంట కొట్టాక కమిటీ పెద్ద నా దగ్గరికి వచ్చాడు.

"ఉత్తరం నిన్న వచ్చిందా?"

"నిన్న మధ్యాహ్నమండి."

"మరి గేటు దగ్గర ఫ్లెక్సీ?"

"దాంట్లో ఫొటో మాత్రం నాదేనండి."

ఆయన తల ఊపాడు. నిలువుగానే ఊపాడని నేనూ, అడ్డంగా ఊపాడని ప్రిన్సిపాలూ వారం రోజులు వాదించుకున్నాం. వాదన అంటే నోటితో కాదు, ఆయన నాతో మాట్లాడడం మానేశారు కనక ఎకనామిక్స్ మాస్టారి ద్వారా. ఫ్లెక్సీని మాత్రం ఆ సాయంత్రమే విప్పించారు. తరవాత దాన్ని సైకిల్ స్టాండు మీద ఎండకు కప్పారు. వెళ్తూ వస్తూ నా జడ కనపడేది.

దాళ్వా కోతలకు ఉత్తర్వు వచ్చింది. మా పాఠం గురించి అందులో రెండు వాక్యాలు మెచ్చుకుంటూ రాశారు. ఇటువంటి ప్రశ్నలడిగే విద్యార్థులను తాము మరెక్కడా చూడలేదని. ఆ కిందనే, సంఖ్య చాలనందున గ్రూపు ఎత్తివేయడమైనదని. నేను నిజం చెప్పినందుకు కాదు, అబద్ధం చెప్పినా ఎత్తేసేవారే. కమిటీ రాకముందే ఆ ఫైలు మీద నిర్ణయం అయిపోయిందని తరవాత తెలిసింది. అయినా రాజమండ్రి అన్న మాట చూడగానే ఆ కాయితాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదివాను. మిగతా పిల్లలు ఎలాగోలా సర్దుకుంటారు. ముందు బెంచీ పిల్ల సంగతేమిటి?

మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. దారి పొడుగునా ఆయనకు చెప్పాల్సినవి కూడబలుక్కుంటూనే ఉన్నాను. రోడ్డు మీద ధాన్యం ఎండబోసి, నీటి సంఘం ప్రెసిడెంటు కాళ్ళతో చాళ్ళు తీస్తున్నాడు. నన్ను చూసి పక్కకి వచ్చి, తువ్వాలు దులిపి, గట్టు మీద పరిచాడు.

"కూర్చోండి మేడమ్ గారూ. గ్రూపు ఎత్తేశారంట కదండీ. పిల్ల చెప్పిందండి."

"ఔనండి. అందుకే వచ్చాను. చూడండి, మీరు కాదనకుండా నా మాట ఒక్కటి..."

"పంపించేస్తున్నానండి రాజమండ్రి. హాస్టల్లో కూడా మాట్లాడేశానండి."

దారంతా కూడబలుక్కున్నది దండగైపోయింది.

"రెండు బస్సులు మారి పంపలేనన్నారు కదండీ?"

"అన్నానండి." ఆయన గింజలు అరచేతిలోకి తీసుకుని నలిపి, ఊది, నోట్లో వేసుకున్నాడు. "ఆ రోజు మీ పాఠం విన్న కాణ్ణుంచీ రోజూ ఇదే వరసండి. చేలోంచి రాగానే కూలికి ఎంతమంది వచ్చారు నాన్నా అంటాది. ఎనిమిది మందంటే, పేర్లు చెప్పమంటాది. మొన్న ఇద్దరి పేర్లు చెప్పలేకపోయానండి. ఇరవయ్యేళ్ళుగా మా చేలో దిగుతున్న మనుషులండి. పేరు తెలీదు నాకు. ఎల్లి అడిగొచ్చానండి, ఆళ్ళు నన్నో పిచ్చోణ్ణి చూసినట్టు చూశారండి."

ధాన్యం వైపు చూస్తూ అన్నాడు.

"మీరు పాఠం బాగానే చెప్పారు గానండీ, దీన్ని ఇంట్లో పెట్టుకుని నేను యవసాయం చెయ్యలేనండి."